మీటరు లెక్కకు అందని పని

వరంగల్‌లో పొద్దుగూకాక నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి సూరత్ చేరుకోవచ్చు. మద్రాసు నుంచి అహమ్మదాబాద్ పోయే ఈ బండిని మా ఇంట్లో ఎప్పుడూ సూరత్ బండి అనే పిలిచేవాళ్లం. బల్లార్షా దాటేదాకా బోగీ నిండా తెలుగే. తెల్లారాక భుసావల్, ఆ తర్వాత నందుర్బార్ మీదుగా తాపీ నది లోయ. నా ఎదురు బెర్తులో ఒక పెద్దమ్మ సకినాల డబ్బాను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. రాత్రంతా దాన్ని కింద పెట్టలేదు. కొడుకు సూరత్‌లోని లింబాయత్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడుపుతాడట, కోడలికి సకినాలు చుట్టడం రాదట. "విరిగితే మల్ల ఏడాది దాంక ఉండవు బిడ్డా" అంది.

నేనూ లింబాయత్‌కే పోతున్నాను. మా పెద్దనాన్న కొడుకు ఇల్లు అక్కడే. అన్న సిరిసిల్ల నుంచి మొదట భీవండి పోయి, అక్కడినుంచి సూరత్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చిందని ఊరు ఊరంతా రైళ్లెక్కి పారిపోయినప్పుడు, ఇదే బండి పట్టుకొని సిరిసిల్ల వచ్చి, నెల తిరక్కముందే మళ్లీ వెళ్లిపోయాడు. తర్వాత మున్సిపల్ కమిషనరుగా ఎస్.ఆర్. రావు వచ్చి ఆ ఊరిని ఎట్లా కడిగించాడో ఇప్పటికీ చెప్తుంటాడు. అన్న బిడ్డ పుట్టింది ఆ తర్వాత. మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో అక్షరాలు దిద్దింది. సూరత్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులు కూడా నడుపుతుందన్న సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఆ పిల్ల తర్వాత సూరత్‌లోనే, 1961లో పెట్టిన సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో ఐదేళ్ల భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చేసింది. ఇప్పుడు వేరే ఊళ్లో పీహెచ్‌డీ, రెండో సంవత్సరం. పని అయాన్ ట్రాప్ మీద. ఒక్కొక్క అయానును శూన్యంలో పట్టి నిలబెట్టి, దానితో క్వాంటమ్ కంప్యూటరు లెక్కలు చేయించే పని. తన పేరు, ల్యాబు పేరు రాయనని మాట తీసుకున్నాకే నాతో మాట్లాడింది. సంక్రాంతికి ఇంటికొచ్చిందని తెలిసి బయల్దేరాను.

లింబాయత్ గల్లీలో అడుగు పెట్టగానే ముందు చెవులకు తెలుస్తుంది ఎక్కడికొచ్చామో. గోడల వెనక సాంచాల టకటక. పన్నెండు గంటల షిఫ్టు, పగలొకటి, రాత్రొకటి. నేత కూలి మీటరు లెక్క. తాకా బట్ట ఎంత దిగితే అంత. పోగు తెగి సాంచా ఆగితే ఆ నిమిషాలకు కూలి లేదు, కరెంటు పోతే లేదు, బీము మార్చేటప్పుడు లేదు. అన్న ఒంట్లో ఈ లెక్క ఎంతగా ఇంకిందంటే, అన్నం తింటూ పక్క ఇంటి సాంచా ఆగినా చెయ్యి నోటిదాకా పోకుండా నిలిచిపోతుంది.

ఆ లెక్కలో బతికిన మనిషికి బిడ్డ చదువు ఒక పట్టాన అర్థం కాలేదు. అయాన్లూ లేజర్లూ కావు అన్నకు అడ్డం పడ్డవి. జీతం సంగతి. "నెలకు ఇంత అని ఇస్తరట. ఏం తయారు జేసిందని అడగరట. రెండేండ్లు అడగరట!" అన్నాడు నాతో, మొదటి రోజు చాయ్ తాగుతూ. గొంతులో ఫిర్యాదు లేదు. భయం ఉంది. అడగకుండా ఇచ్చే డబ్బును ఏ రోజైనా అడగకుండానే ఆపేస్తారు కదా అన్న భయం.

ఆ రాత్రి వదినె పొంక్ పెట్టింది. సూరత్ చలికాలపు తిండి ఇది. లేత జొన్న కంకులను కాల్చి దులిపిన పచ్చటి గింజలు, పైన నిమ్మకాయ మిరియాల సేవు. మన ఊసబియ్యమే. పొలం గట్టు మీద కంకులు కాల్చుకొని తిన్న రోజులు గుర్తొచ్చి గుప్పెడు ఎక్కువే తిన్నాను. తింటుండగా పిల్ల తన ఫోను నా ముందు పెట్టింది. నల్లటి తెర, దాని మీద మూడు తెల్లటి చుక్కలు, ఒకే వరుసలో.

"ఇవి మూడు కాల్షియం అయాన్లు చిన్నాయనా. ఒక్కొక్కటి ఒక్కటే పరమాణువు."

"కాల్షియమంటే సున్నమేనా?" అంది వదినె.

"సున్నంలో ఉండేదే అమ్మా."

నేను ఆ చుక్కల్ని ఎంతసేపు చూశానో తెలియదు. తమలపాకు మీద రాసుకునే సున్నంలో లెక్కకు మించి ఉండే పరమాణువుల్లాంటివే మూడు, మూడుగా, విడివిడిగా కంటికి కనబడుతున్నాయి. వాటి మధ్య దూరం మైక్రాన్లలో. తల వెంట్రుక మందంలో అట్లాంటి ఎడాలు పది పన్నెండు పడతాయి.

పట్టడం ఎట్లాగో తను చెప్పింది, నాకు అర్థమైనంత రాస్తాను. చిన్న పొయ్యిలో కాల్షియం ముక్కను వేడి చేస్తే పరమాణువులు ఆవిరిగా లేస్తాయి. రెండు లేజర్లు కలిసి ఒక ఎలక్ట్రానును ఊడగొడతాయి. ఇక అది విద్యుదావేశం ఉన్న అయాన్, కాబట్టి విద్యుత్ క్షేత్రంతో పట్టుకోవచ్చు. అయితే కదలకుండా ఉండే క్షేత్రంతో అది కుదరదు. ఒక దిక్కున బిగిస్తే ఇంకో దిక్కున జారిపోతుంది, గుర్రపు జీను మీద గోలీ పెట్టినట్టు. ఆ జీనును సరైన వేగంతో గిరగిరా తిప్పితే గోలీ జారేలోపే జారే దిక్కు మారిపోతుంది, గోలీ మధ్యలోనే నిలుస్తుంది. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పాల్ ఈ పద్ధతిని కనిపెట్టాడు, 1989లో నోబెల్ పంచుకున్నాడు. జీనును తిప్పే బదులు సెకనుకు కోట్ల సార్లు విద్యుత్ క్షేత్రం దిశ మారుస్తారు. పట్టిన అయాన్ మీద 397 నానోమీటర్ల ఊదారంగు లేజరు వేస్తే అది చల్లబడుతుంది, వెలుగుతుంది కూడా. తెర మీద మేం చూసిన చుక్క ఆ వెలుగే. 729 నానోమీటర్ల ఎర్ర లేజరుతో అయానును రెండు స్థితుల మధ్య నడిపించవచ్చు. పై స్థితిలో అది దానంతటదే సెకనుకు పైగా నిలుస్తుంది. పరమాణువుల లోకంలో సెకనంటే యుగం. మళ్లీ ఊదా లేజరు వేసినప్పుడు వెలిగితే ఒక అంకె, చీకటిగా ఉంటే ఇంకో అంకె. చదివేలోపు అది రెండూ కలిసిన స్థితిలో ఉండగలదు, అందుకే దాన్ని క్యూబిట్ అంటారు. క్వాంటమ్ లెక్క నడిచేది అక్కడే.

అన్న మధ్యలో అందుకున్నాడు. "మూడు ఎందుకు వరుసల నిలవెట్టినవ్?"

"ఒకదాన్ని మీటితే అన్నీ కదుల్తయి బాపూ. ఒకదాన్నొకటి నెట్టుకుంటయి గద. ఆ కదలిక మీదనే ఒకదాని మాట ఇంకోదానికి పోతది."

"పడుగు లెక్క" అన్నాడు అన్న. అంతే, ఇంకేమీ అడగలేదు.

1995లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో సిరాక్, జోలర్ అనే ఇద్దరు సిద్ధాంతకర్తలు రాసిన ఆలోచన సరిగ్గా ఇదే. అయాన్ల ఉమ్మడి కదలికనే తీగలాగా వాడుకొని వాటి మధ్య లెక్క చేయించవచ్చునని చెప్పారు. అదే ఏడాది అమెరికాలోని బౌల్డర్‌లో డేవిడ్ వైన్‌లాండ్ బృందం ఒక్క బెరీలియం అయానుతో మొదటి క్వాంటమ్ గేటును చేసి చూపించింది. వైన్‌లాండ్‌కు 2012లో నోబెల్ వచ్చింది. 2025 నవంబరులో క్వాంటినుయం అనే కంపెనీ బేరియం అయాన్లతో 98 క్యూబిట్ల యంత్రాన్ని బయటపెట్టింది. ఒకటి నుంచి 98కి ముప్ఫై ఏళ్లు. ఈ ముప్ఫై ఏళ్లలో చీకటి గదుల్లో అద్దాలు సవరిస్తూ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది పీహెచ్‌డీ విద్యార్థులే. 2018లో బ్రిటన్‌లో ఒక శాస్త్ర ఛాయాచిత్రాల పోటీలో గెలిచిన బొమ్మను నాకు ఆ పిల్లే చూపించింది. రెండు లోహపు సూది మొనలు, మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు, ఆ ఎడంలో నీలంగా ఒకే ఒక్క చుక్క. ఒంటరి స్ట్రాన్షియం పరమాణువు. తీసింది ఆక్స్‌ఫర్డ్‌లో అప్పటికి పీహెచ్‌డీ చేస్తున్న డేవిడ్ నాడ్లింగర్, మామూలు కెమెరాతో, శూన్యపు గది కిటికీలోంచి. తను బడిలో ఉండగా ఆ బొమ్మ పేపర్లో వచ్చిందట. ఆ కత్తిరింపు ఇప్పటికీ లింబాయత్ ఇంట్లో దేవుడి గూటి పక్కన, మార్కండేయుడి పటం కింద అంటించి ఉంది.

తన రెండేళ్లలో ఆ మూడు చుక్కలు కనబడ్డది మొన్న దీపావళి తర్వాతనే. అంతకుముందంతా శూన్యం తయారు చేసే పని. గాలి పీడనంలో దాదాపు కోటి కోటి వంతు దాకా దిగాలి. లేకపోతే ఏదో ఒక వాయు అణువు వచ్చి అయానును గుద్దేస్తుంది. ఉక్కు గదిని పంపులతో ఖాళీ చేసినా లోపలి గోడలకు అంటుకున్న తేమ వదలదు. అందుకే గది మొత్తానికి వేడి చేసే పట్టీలు చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పి, 200 డిగ్రీల దగ్గర రోజుల తరబడి కాలుస్తారు. "రొట్టెలు సుట్టే కాయిదమా?" అంది వదినె. అదేనట. ఒక్కసారికి ఎన్ని చుట్టలు అవుతాయో చెప్తే వదినె నోరు తెరిచింది.

మొదటిసారి రెండు వారాలు కాల్చి చల్లార్చాక పీడనం ఒక చోట ఆగిపోయింది, కిందికి దిగలేదు. ఎక్కడో గాలి దూరుతోంది. గది చుట్టూ ఒక్కో అతుకు దగ్గర సన్నటి గొట్టంతో హీలియం వదులుతూ, లోపలి మీటరు ఎక్కడ ఉలిక్కిపడుతుందా అని చూడాలి. మూడు రోజులకు దొరికింది. ఒక రాగి గాస్కెట్టు బిగించే ఉక్కు అంచు మీద గోటితో తడిమితే తప్ప తెలియని గీత. తన చేతిలోనే పానా జారి పడిన గీత. అంతా విప్పి, ఆ భాగం మార్చి, కడిగి, బిగించి, మళ్లీ కాల్చి. మూడు నెలలు పోయాయి.

"మూడు నెలల కూలి!" అన్నాడు అన్న.

"కూలి ఆగలేదు బాపూ. ఫెలోషిప్ వచ్చింది."

ఈ యాత్ర గురించి ఏం రాయాలో నాకు తేలింది ఆ మాట విన్నాకే. గీత పడిన రోజు, గీత వెతికిన రోజు, ఏమీ కనబడని ఏడాదిన్నర, ఇవన్నీ పనిలో భాగమేనని ఒప్పుకొని ఇచ్చే డబ్బు ఫెలోషిప్. మీటరు లెక్కన కట్టి ఉంటే ఆ పిల్ల మొదటి గీత దగ్గరే ఇంటికొచ్చేసేది. మా అన్నలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల అయితే మరీనూ. వెనక ఆస్తి ఉన్నవాళ్లు ఎట్లాగైనా ఓపిక పట్టగలరు. ఓపికకు కూలి ఇస్తేనే మిగిలినవాళ్లు ఈ పనిలోకి రాగలరు.

ఇందులో అంకెలు కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో ఇవి తెలియకే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. జాతీయ అర్హత పరీక్ష రాసి జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత పని చూసి సీనియర్‌గా చేస్తే 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. అంతకుముందు ఇవే 31,000, 35,000. దేశమంతా పరిశోధక విద్యార్థులు నెలల తరబడి అడిగితేనే పెరిగాయి. ప్రధానమంత్రి రిసెర్చి ఫెలోషిప్ అయితే మొదటి రెండేళ్లు 70,000, చివరికి 80,000 దాకా పోతుంది, ఏడాదికి రెండు లక్షల పరిశోధన ఖర్చు అదనం. విదేశం పోయినా అంతే. పొలం తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కు పంపే తల్లిదండ్రులను ఎందరినో చూశాను. అమెరికాలో భౌతికశాస్త్రం పీహెచ్‌డీకి సీటొస్తే సాధారణంగా ఫీజు మాఫీ, పైగా నెలనెలా భత్యం. జర్మనీ, ఆస్ట్రియాల్లో చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగ ఒప్పందమే. అప్పు చేసి చదివే చదువూ ఇదీ ఒకటి కాదని పిల్లలకు ఇంటర్లోనే చెప్పేవాళ్లుంటే ఎంత బాగుండు.

అన్న భయపడ్డట్టే ఒకసారి అయింది కూడా. పోయిన ఏడాది ఏదో కాగితం ఏదో బల్ల మీద ఆగిపోయి ఐదు నెలలు పైసా రాలేదు. పిల్ల ఇంట్లో చెప్పలేదు. హాస్టల్ మెస్సు బాకీ పెరిగాక తమ్ముడికి చెప్తే, వాడు అన్నకు చెప్తే, అన్న చిట్టీ ఎత్తి పంపాడు. ఐదు నెలలదీ ఒకేసారి వచ్చి పడ్డాక పిల్ల మొత్తం తిరిగి పంపింది. అన్న దాన్ని వేరే కట్టగా కట్టి బీరువాలో పెట్టాడు, ఖర్చు చేయలేదు. మళ్లీ ఆగితే ఉంటుందని. దేశం ఇవ్వాల్సిన భరోసాను ఒక నేత కార్మికుడు తన బీరువాలో దాచిపెట్టుకోవడం నాకు కోపం తెప్పించింది, ఇప్పటికీ తెప్పిస్తోంది.

మర్నాడు పిల్లా నేనూ ఊళ్లోకి బయల్దేరాం. సూరత్ వచ్చి వజ్రాలు చూడకుండా పోకూడదంది. మహిధర్‌పురా హీరా బజారులో దలాళ్లు నడివీధిలో నిలబడి, చిన్న మడత కాగితాల్లో రాళ్లు విప్పి, భూతద్దం కంటికి ఆనించి బేరాలాడుతుంటారు. ఆ కాగితాన్ని వాళ్లు పడీకు అంటారు. ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే పోతాయి. ఒకప్పుడు ఈ దారి మన కృష్ణ ఒడ్డున మొదలయ్యేది. 17వ శతాబ్దంలో తావెర్నియే సూరత్ రేవుకు వచ్చి, గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనుల దాకా పోయి వజ్రాలు కొన్నాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

మేం పోయింది బజారు దాటి, వజ్రాలు పండించే చోటికి. తన ఎమ్మెస్సీ స్నేహితురాలి వాళ్లది. వరుసగా ఉక్కు యంత్రాలు, ఒక్కోదానికి అరచేయంత కిటికీ. లోపల ఊదారంగు వెలుగు ముద్ద, దాని కింద పలుచటి వజ్రపు బిళ్లలు విత్తనాల్లాగా పరిచి ఉన్నాయి. మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌లతో ప్లాస్మాగా మారిస్తే, దాదాపు 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో కర్బనం పొర మీద పొరగా ఆ విత్తనాల మీద దిగుతుంది. వారాలు పడుతుంది. కొంచెం నత్రజని కలిపితే తొందరగా పెరుగుతుంది గానీ రంగు తిరుగుతుందని ఆ అమ్మాయి చెప్పింది. నగలకు పనికొచ్చే తెల్లదనం పోతుంది.

మా పిల్ల అక్కడ ఆగింది. వజ్రంలో ఒక కర్బనం స్థానంలో నత్రజని పరమాణువు చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉంటే, ఆ జంట అచ్చం పట్టి ఉంచిన పరమాణువులాగే ప్రవర్తిస్తుందట. ఆకుపచ్చ లేజరు వేస్తే ఎర్రగా వెలుగుతుంది, క్వాంటమ్ స్థితిని మామూలు గది వేడిలోనే మోస్తుంది. శూన్యం అక్కర్లేదు, అల్యూమినియం రేకు అక్కర్లేదు. పంజరం వజ్రమే. దానితో అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాలను కొలిచే పనులు ముంబై ఐఐటీలో జరుగుతున్నాయి. 2023 బడ్జెటులో ప్రయోగశాల వజ్రాల పరిశోధనకు మద్రాసు ఐఐటీకి ఐదేళ్లకు దాదాపు 243 కోట్లు ఇచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో 6,003 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్ వచ్చింది. ఈ వాడలో ఆ ఊదా వెలుగును రోజూ చూసే పిల్లల్లో ఒకరిద్దరైనా ఆ నత్రజని వెంట పోతే చాలు, ఈ ఊరికి ఇంకో వందేళ్ల పని దొరుకుతుంది. స్నేహితురాలు మాత్రం నవ్వి, మా నాన్న ఒప్పుకోడు, ఐదేళ్లు ఎవరు పోషిస్తారు అంది. మా పిల్ల అక్కడే నిలబడి ఆమెకు ఫెలోషిప్ అంకెలన్నీ చెప్పింది.

తిరిగొస్తూ అమరావతి గురించి అడిగింది. 2025లో ప్రకటించిన క్వాంటమ్ వ్యాలీ, ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం సంగతి తనకు నాకంటే బాగా తెలుసు. అది అయాన్లతో నడిచేది కాదు, అతిశీతలంలో పనిచేసే అతివాహక చిప్‌లది. "మంచిదే చిన్నాయనా. యంత్రం పక్కన ఎంతమంది పీహెచ్‌డీ పిల్లల్ని కూసోవెడుతున్రు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. యంత్రం వచ్చినప్పుడు పేపర్లలో ఫొటో పడుతుంది. ఫెలోషిప్ ఒకటో తారీఖున పడితే ఎక్కడా పడదు. నాకైతే రెండోదే పెద్ద వార్త.

పద్నాలుగున ఉత్తరాయణ్. సూరత్ మొత్తం మిద్దెల మీదే ఉంది. పదిహేనున కూడా, దాన్ని వాసీ ఉత్తరాయణ్ అంటారు. ఆ రెండో రోజు పొద్దు వాలే వేళ అందరం మిద్దె మీద ఉన్నాం. వదినె సకినాలు పంచుతోంది. అన్న అప్పటికే రాత్రి షిఫ్టుకు బట్టలు మార్చుకున్నాడు, టిఫిన్ డబ్బా చేతిలో ఉంది. పిల్ల ఫోను మోగింది. ల్యాబులో తనతో పనిచేసే అబ్బాయి. హిందీలో రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. ముఖం వెలిగిపోతోంది.

"పొద్దుగాల ఆరున్నరకు పట్టిన అయాన్ ఇంక ఉన్నదట."

అన్న గడియారం చూసుకున్నాడు. ఆరున్నర దాటింది.

"పన్నెండు గంటలాయె. ఒక షిఫ్టు నిండింది" అన్నాడు. కొంచెం ఆగి, "మరి ఇప్పుడు దాని డ్యూటీకి ఎవరొస్తరు?"

"ఎవరూ రారు బాపూ. రాత్రికి సుత అదే ఉంటది."

అన్న తలూపి, మెట్ల దగ్గర చెప్పులు వేసుకున్నాడు. పతంగులు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. కింద గల్లీలో, రెండు రోజుల తర్వాత, మొదటి సాంచా మొదలైంది.